రెండో రీలు

వన్ టౌన్‌లో ఒకప్పుడు సినిమా హాలుగా ఉండి ఇప్పుడు సామాన్ల గోడౌన్‌గా మారిపోయిన చోట నేను ఇరవై రెండేళ్ళు ఆపరేటర్‌గా పనిచేశాను. సినిమాలు రేకు పెట్టెల్లో రీళ్ళుగా రావడం మానేసి నేరుగా కంప్యూటర్లోకి దిగడం మొదలుపెట్టాక నాలాంటి వాళ్ళతో ఎవరికీ పని లేకపోయింది. ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక షాపింగ్ కాంప్లెక్స్‌లో జనరేటరూ లిఫ్టులూ చూసుకుంటున్నాను. పాత రోజుల్లో నన్ను ఎరిగినవాళ్ళు తారసపడితే మాత్రం ఇప్పటికీ ఒక్క సినిమా గురించే అడుగుతారు.

"ఆ గిలక సినిమా వేసింది నువ్వేగా? అందులో దెయ్యమే కనపడదు. మరి అంత భయం ఎందుకేసిందయ్యా మాకు?"

దాని అసలు పేరు ఎవరికీ గుర్తుండదు. గిలక సినిమా అంటారు, అంతే. నేను పనిలో చేరిన కొత్తలోనే అది బాగా పాతబడిన సినిమా. నలుపు తెలుపు. మా ఓనరు ఎక్కడి నుంచో ఒక గీతలు పడ్డ ప్రింటు తెప్పించి పొద్దున ఆటలకి వేయించాడు. వారం ఆడుతుందనుకున్నది నెలలు ఆడింది. దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

కథ చిన్నదే. కాలవ గట్టున ఒక పెంకుటిల్లు. ఆ ఇంటికి కొత్త కోడలు వస్తుంది. ఇంట్లో అత్త, మామ, భర్త, పెళ్ళికాని ఆడపడుచు. అంతకుముందు ఆ ఇంటి మొదటి కోడలు పెరటి నూతిలో పడి చనిపోయింది. రోజూ మధ్యాహ్నం, భోజనాలయ్యాక అందరూ కునుకు తీసే వేళ, నూతి మీద గిలక కిర్రుమంటుంది. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. చేద తాడు మాత్రం తడిగా ఉంటుంది. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి లేదు, వికటాట్టహాసం లేదు, తలుపులు టపటపా కొట్టుకోవడం లేదు. జరిగేదంతా ఎండలోనే జరుగుతుంది.

ఆపరేటర్‌కి ఉన్న సుఖం ఏమిటంటే, వాడు తెరని చూడక్కర్లేదు, జనాన్ని చూడొచ్చు. క్యాబిన్ కిటికీలోంచి నాకు తలలు కనిపించేవి. గిలక మొదటిసారి కిర్రుమన్నప్పుడు ఒక్క తల కూడా కదిలేది కాదు. రెండోసారి కొందరు పక్కవాళ్ళ వైపు చూసుకునేవాళ్ళు. మూడోసారికి హాల్లో పల్లీలు నమిలే చప్పుడు ఆగిపోయేది. అసలు కేక మాత్రం గిలక దగ్గర కాదు, వేరేచోట వచ్చేది. ఒక మధ్యాహ్నం అత్తగారు భోజనాలకి పళ్ళేలు వేస్తుంది. ఇంట్లో మనుషులు అయిదుగురు. ఆవిడ ఆరు పళ్ళేలు పెడుతుంది. ఎవరూ ఏమీ అనరు. కోడలు ఆరో పళ్ళెంలో కూడా కూర వడ్డించి ముందుకు వెళ్ళిపోతుంది. ఆ క్షణాన నేల టిక్కెట్టులోంచి ఆడవాళ్ళ గొంతులు "అమ్మో" అని ఒక్కసారిగా లేచేవి.

అప్పుడే మా పెళ్ళయింది. మా ఆవిడది చల్లపల్లి దగ్గర పల్లెటూరు. ఉదయం ఆట వేళకి క్యారియర్ పట్టుకుని క్యాబిన్‌కి వచ్చేది. రెండో ప్రొజెక్టర్ పక్కన ఉన్న కిటికీకి కళ్ళు ఆనించి సినిమా చూసేది. ఎప్పుడూ అరవలేదు. ఆ పళ్ళెం సీను దగ్గర మాత్రం నా చొక్కా పట్టుకునేది. సీను అయిపోయాక కూడా వదిలేది కాదు.

ఆ సినిమాలో మొదటి నాలుగు రీళ్ళు ఏమీ జరగదు. జనం గొణిగేవాళ్ళు. "ఇదేం దెయ్యం సినిమారా, అప్పడాలు ఒత్తుకుంటన్నారు" అని ఒకడు అరిస్తే హాలంతా నవ్వేది. రెండో రీలైతే మరీ అలాంటిది. వదినా ఆడపడుచూ నేల మీద కూర్చుని అప్పడాలు ఒత్తుతారు. మామగారు నెత్తి మీద కళ్ళజోడు పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు. భర్త తల్లికి తెలియకుండా చొక్కా జేబులో మల్లెపూలు దాచుకొస్తే, ఆ వాసనకి అందరికీ తెలిసిపోతుంది. పదకొండు నిమిషాలు ఇంతే. మేనేజరు ఒకరోజు క్యాబిన్‌లోకి వచ్చి, "ఆ రీలు ఎత్తెయ్. మ్యాట్నీకి టైముకి తలుపులు తియ్యొచ్చు" అన్నాడు. ఎత్తేశాను.

ఆ వారం పళ్ళెం సీనుకి జనం నవ్వారు. ఈలలు వేశారు. "ఇంకో పళ్ళెం వెయ్యవే అత్తా" అని కేకలు. నాకు అర్థం కాలేదు. సీను అదే, గిలక అదే, బొమ్మలో ఏ మార్పూ లేదు. మా ఆవిడ క్యారియర్ గిన్నెలు సర్దుకుంటూ మామూలుగా చెప్పింది.

"రెండో రీలు తీసేశారుగా. ఆ ఇంటోళ్ళు మనకి తెలీకుండా పోయారండీ. తెలీనోళ్ళింట్లో ఒక పళ్ళెం ఎక్కువైతే మనకేంటి?"

మర్నాడు మేనేజరుతో చెప్పకుండా ఆ రీలు మళ్ళీ అతికించాను. పది గంటల ఆటకి వచ్చిన జనం అప్పడాల దగ్గర ఎప్పటిలాగే గొణిగారు. పళ్ళెం దగ్గర ఎప్పటిలాగే అరిచారు. భయం గురించి నా చేతులకి తెలిసిన పాఠం అదొక్కటే. దాన్ని నా ఒంటితో తెలుసుకోవలసి వస్తుందని అప్పుడు అనుకోలేదు.

మాకు పిల్లలు లేరు. మా ఆవిడకి యాభై దాటాక రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, డయాలసిస్. నాలుగు గంటలు మిషను మీద పడుకోవాలి. నీళ్ళు కొలిచి తాగాలి, అరటిపండు తినకూడదు, కొబ్బరినీళ్ళు ముట్టకూడదు. ఒక్క సోమవారం తప్పితే ఏమవుతుందో డాక్టరు మొదటిరోజే చెప్పాడు. మేం ఒక్కటీ తప్పనివ్వలేదు. అప్పటికి మేం బుడమేరు వాగు వైపు ఒక సందులో కింది వాటాలో అద్దెకుంటున్నాం. పై వాటాలో పరుపులు కుట్టే ఒక ముస్లిం అతను ఉండేవాడు. భార్యాపిల్లలు బందరులో ఆమె పుట్టింటికి వెళ్ళారు. ఇంట్లో అతనూ అతని తల్లీ మాత్రమే ఉన్నారు.

వానలు పడుతున్న ఒక ఆదివారం పొద్దున మేం చర్చికి తయారవుతున్నాం. మొదట బాత్‌రూమ్ తూములోంచి గుడగుడమని శబ్దం వచ్చింది. ఏమిటా అని చూసేలోపు నల్లటి నీళ్ళు పైకి పొంగాయి. తర్వాత వీధి తలుపు కిందనుంచి వచ్చాయి. అరగంటలో మోకాలు దాటాయి. ఆమె ఆసుపత్రి ఫైలు, మందుల డబ్బా, రెండు చీరలు పట్టుకుని పైకి ఎక్కాం. పై వాటా అతను తలుపు తీసి, "రా అన్నా, ఇది మీ ఇల్లే అనుకో" అన్నాడు. వాళ్ళమ్మ మా ఆవిడకి చాప వేసి గోడకి దిండు ఆనించింది.

ఆ రోజు మాకు పెద్దగా భయం లేదు. సాయంత్రానికి నీళ్ళు తీస్తాయన్నారు. తియ్యలేదు. కరెంటు పోయింది. మర్నాటికి ఫోన్లు చచ్చిపోయాయి.

సోమవారం ఎనిమిదింటికి మా ఆవిడ చీర మార్చుకుంది. తల దువ్వుకుంది. ఫైలు ఒళ్ళో పెట్టుకుని అన్నిటికన్నా పై మెట్టు మీద కూర్చుంది. డయాలసిస్ రోజున ఆ వేళకి మా ఆటో వస్తుంది. కింద పదిహేడు మెట్లలో తొమ్మిది నీళ్ళలో ఉన్నాయి. ఎండ కాస్తోంది. ఆమె వాకిట్లో ఆటో ఆగుతుందన్నట్టు వీధి వైపు చూస్తూ కూర్చుంది. నెలల తరబడి హాల్లో జనాన్ని అరిపించినదేదో ఆ మెట్ల మీద కూర్చుని ఉంది. మామూలుగా ఉండకూడని చోట మనిషి మామూలుగా ఉండటం.

"లోపలికి రా," అన్నాను.

"పదింటిదాకా చూద్దామండీ. ఒకోసారి ఆలస్యంగా వస్తాడుగా."

పదిన్నర దాకా కూర్చుంది.

కింద మా వాటాలో ఏదో గోడకి తగులుతూ ఉండేది. టంగ్‌మని ఒక దెబ్బ. చాలాసేపు ఏమీ ఉండదు. అయిపోయిందనుకునేసరికి మళ్ళీ టంగ్. అది మా గ్యాస్ సిలిండరని నాకు తెలుసు. ఖాళీది, నీళ్ళలో తేలి తిరుగుతోంది. తెలిసినా లాభం లేదు. ఆ గిలక కూడా ఇంతే, ఎప్పుడూ సమానంగా కిర్రుమనేది కాదు. మనం ఊపిరి వదిలేదాకా ఆగేది. ఎవరు తీశారో గాని ఆ సినిమా తీసినవాడు ఇలాంటి నిశ్శబ్దంలో ఎప్పుడో కూర్చుని ఉంటాడని ఆ రోజు అనిపించింది.

మధ్యాహ్నం హెలికాప్టర్ వచ్చి డాబాల మీద సంచులు విసిరింది. పరిగెత్తి ఒకటి అందుకున్నాను. అరటిపళ్ళు, నీళ్ళ ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు. మా ఆవిడ తినగలిగింది అందులో రెండు ముద్దల పులిహోర. ఇంటి చుట్టూ నీళ్ళు, చేతిలో నీళ్ళు, ఆమె పెదవులు పగిలిపోతున్నాయి. తాగితే ఆ నీరంతా ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పెద్దావిడ గుడ్డ తడిపి ఆమె పెదవుల మీద అద్దుతూ కూర్చుంది. నేను డాబా అంచున నిలబడి గొంతు పోయేదాకా "బోటూ" అని అరిచాను. ఎదురు డాబా మీద నిలబడ్డ వాళ్ళు కూడా అరుస్తున్నారు. అందరి ఇళ్ళలోనూ ఇలాంటివాళ్ళు ఎవరో ఒకరు ఉన్నారు.

మంగళవారం పొద్దుటికి ఆమె మొహం ఉబ్బింది. కాలి మీద వేలు నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. పడుకోలేకపోయింది. కూర్చుని, ముందుకు వంగి, నోటితో గాలి పీలుస్తోంది. నేను ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే మాటలు రాలేదు. దేవుణ్ణి ఏమడగాలో తెలియక కాదు. గట్టిగా అడిగితే అది నిజమైపోతుందేమోనని.

"ఏవండీ," అంది. మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది. "ఆ సినిమా చెప్పండి."

"ఏ సినిమా?"

"మన సినిమానే. గిలకది."

"ఇప్పుడా? ఇట్టాంటప్పుడు దెయ్యం సినిమానా?"

"చెప్పండి. మీ గొంతు వినపడతా ఉంటే చాలు."

నేను మొదలుపెట్టాను. కొత్త కోడలు పడవ దిగడం చెప్పాను. గబగబా గిలక దగ్గరికి వెళ్ళిపోయాను. ఆమె చెయ్యి ఎత్తింది.

"అప్పడాలు ఏవీ?"

పక్కనున్న పెద్దావిడ కొడుకు వైపు చూసింది, ఈమెకి మతి తప్పిందేమోనని. నాకు తెలుసు తప్పలేదని. వెనక్కి వెళ్ళాను. రెండో రీలు మొదలుపెట్టాను. అప్పడాల పిండి ముద్దలు చెప్పాను. ఆడపడుచు ఒత్తిన అప్పడం వంకర పోతే వదిన దాన్ని అడుగున దాచడం చెప్పాను. మామగారి కళ్ళజోడు చెప్పాను. పెద్దావిడ పకపకా నవ్వింది. "మా ఆయన కూడా ఇంతేనమ్మా" అంది. మా ఆవిడ కళ్ళు మూసుకునే నవ్వింది. జేబులో మల్లెపూల దగ్గరికి వచ్చి ఆగాను. పెళ్ళయిన కొత్తలో నేను కూడా వన్ టౌన్ పూల అంగళ్ళ దగ్గర మూర పూలు కొని, క్యాబిన్‌లో ప్రొజెక్టర్ కార్బన్ కడ్డీల వేడికి వాడిపోకుండా నీళ్ళ చెంబులో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళేవాణ్ణి. ఒక్కొక్క మాట చెబుతున్నకొద్దీ ఆమె నాకు ఇంకా ఇంకా దగ్గరవుతోంది, భయం ఇంకా ఇంకా పెరుగుతోంది. ఆ రెండూ వేరు వేరు కావని నాకు మా ఆవిడే చెప్పింది ఒకప్పుడు. ఇప్పుడు ఆ మనిషి నా ఎదురుగా గాలి కోసం కొట్టుకుంటోంది.

"తర్వాత?" అంది.

"అన్నా, ఇంక చెప్పొద్దు," అన్నాడు పై వాటా అతను. అతను ఎప్పుడు లేచాడో, బాత్‌రూమ్ ప్లాస్టిక్ తలుపు మేకులు ఊడదీస్తున్నాడు. "బోట్లు మెయిన్ రోడ్డు దాకానే వస్తన్నాయి. ఈ సందులో కార్లు అడ్డంగా ములిగి ఉన్నాయి, లోపలికి రాలేవు. మనమే పోవాలి."

ఆ సినిమాకి చివరి రీలు ఒకటుంది. అందులో ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి, గిలక ఎందుకు మోగిందో, తాడు ఎవరు తడిపారో అన్నీ విడమర్చి చెబుతాడు. ఇన్నేళ్ళలో నాతో ఆ సినిమా గురించి మాట్లాడిన ఒక్కరికి కూడా ఆ ఇన్‌స్పెక్టరు గుర్తు లేడు. మా ఆవిడకీ లేడు. దాన్ని చెప్పాల్సిన అవసరం ఆ రోజు రాలేదు.

ఖాళీ వాటర్ టిన్నులు ఆరు, మూతలు బిగించి, చీరలతో తలుపు అడుగున కట్టాం. పెద్దావిడ తన దుప్పటి చింపి ఇచ్చింది. "అమ్మీ, నువ్వొక్కదానివే ఉండగలవా?" అని కొడుకు అడిగితే, "నాకేం? నేను ఊపిరి పీలుస్తన్నా. ముందు ఆ పిల్లని తీసుకెళ్ళు" అంది. మా ఆవిడని మెట్ల మీద నుంచి మోసి తలుపు మీద కూర్చోబెట్టాం. పడుకోలేకపోతోంది కాబట్టి వెనక ఒక టిన్ను ఆనించాం. ఫైలుని ప్లాస్టిక్ కవర్లో చుట్టి జాకెట్లో దోపుకుంది.

నీళ్ళు నా గుండెల దాకా వచ్చాయి. ముందు అతను, వెనక నేను. మధ్యాహ్నం ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు మూసుకుపోతున్నాయి. ఒక ఫ్రిజ్ వెల్లకిలా తేలుతోంది. స్కూలు బ్యాగు ఒకటి గేటుకి తగులుకుని ఉంది. ఒక డాబా మీద ఒకావిడ ఉతికిన బట్టలు తీగ మీద ఆరేస్తోంది. మమ్మల్ని చూసి చేతిలో లంగా అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మెయిన్ రోడ్డు అక్కడే కనిపిస్తోంది, మామూలు రోజుల్లో పాలకి వెళ్ళొచ్చేంత దూరం.

సందు మలుపులో నా కాలు మురిక్కాలవలోకి దిగబడింది. నేను మునిగాను. నోట్లోకి ఆ నీళ్ళు పోయాయి. పైకి తేలేసరికి తలుపు ఒరిగిపోయి ఉంది. మా ఆవిడ సగం నీళ్ళలోకి జారింది. వెనకున్న టిన్ను ఊడి కొట్టుకుపోతోంది. పై వాటా అతను ఆమె నడుం పట్టుకుని తలుపుకి అదిమి, "అన్నా, పట్టు, పట్టు" అని అరుస్తున్నాడు. నేను అందుకున్నాను. ఆమె మొహం నల్లబడి ఉంది. కళ్ళు నా మీదే ఉన్నాయి, గుర్తుపట్టి కాదు, అటు తిరిగి ఉన్నాయి అంతే. నేను ఆమె పేరు పెట్టి పిలిచాను. మా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎప్పుడూ అలా అరవలేదు. చాలాసేపటికి, లేదా నాకు అలా అనిపించిందేమో, ఆమె వేళ్ళు నా చొక్కా పట్టుకున్నాయి.

మెయిన్ రోడ్డు మీద బోటు ఉంది. నిండా జనం. సముద్రం వైపు నుంచి తీసుకొచ్చిన మత్స్యకారులు నడుపుతున్నారు. "చోటు లేదు, మళ్ళీ వస్తాం" అని ముందున్నవాడు చెయ్యి ఊపాడు. నేను బోటు అంచు పట్టుకుని వదల్లేదు. ఏం మాట్లాడానో తెలియదు. "మీ కాళ్ళు పట్టుకుంటానయ్యా" అన్నానని తర్వాత పై వాటా అతను చెప్పాడు. వెనక తెడ్డు పట్టుకున్న పెద్దాయన మా ఆవిడ మొహం ఒకసారి చూశాడు. బోటులో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళతో, "మీరు దిగి అంచు పట్టుకోండి. మీకు ఈత వచ్చుగా," అన్నాడు. వాళ్ళు నీళ్ళలోకి దూకారు. వాళ్ళెవరో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆసుపత్రిలో మిషను చూసే అమ్మాయి మమ్మల్ని ఎరుగును. వార్డు తలుపు దగ్గర చూడగానే, "సోమవారం రాలేదేంటమ్మా, ఇట్టా అయితే ఎట్టా?" అని మొదలుపెట్టింది. మా ఒంటి మీద బురద చూసింది. వెంటనే ఆక్సిజన్ పెట్టి, తడి చీర కత్తిరించి, సూదులు గుచ్చింది. నాలుగు గంటలూ నేను బయట నేల మీద కూర్చున్నాను. మిషను చప్పుడు తలుపు సందులోంచి వినిపిస్తూనే ఉంది. అది సమానంగా మోగుతోంది.

ఆమె బతికింది. పై వాటా అతను బోటు అంచు పట్టుకుని మాతో ఒడ్డు దాకా వచ్చి, మమ్మల్ని దింపిన బోటులోనే వెనక్కి వెళ్ళి, ఆ సందులోకి మళ్ళీ ఈదుకుంటూ పోయి తల్లి దగ్గర కూర్చున్నాడు. మర్నాడు వాళ్ళిద్దరినీ తీసుకొచ్చారు. నీళ్ళు తీశాక కింది వాటాలో మోకాలు లోతు బురద మిగిలింది. మేం మళ్ళీ అక్కడ కాపురం పెట్టలేదు. ఇప్పుడు ఆసుపత్రికి నడిచి వెళ్ళేంత దగ్గరలో, మూడో అంతస్తులో ఒక గదిలో ఉంటున్నాం. మెట్లెక్కడం ఆమెకి కష్టమే. అయినా కిందకి దిగుదామని ఆమె అనదు, నేనూ అనను.

వానాకాలం వచ్చిందంటే మాకు ఒక అలవాటు పట్టుకుంది. ఫోనులో భారీ వర్షం అని మెసేజి వస్తే చాలు, రోజులతో పని లేకుండా ఫైలు, మందులు, దుప్పటి సర్దుకుని ఆసుపత్రి వరండాకి వెళ్ళి కూర్చుంటాం. మొన్న ఒక శనివారం అలాగే వెళ్ళాం. మధ్యాహ్నం దాకా చుక్క పడలేదు. ఎండ మాడ్చేస్తోంది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను మమ్మల్ని చూసి వచ్చాడు.

"మీ టర్ను సోమవారం కదండీ?"

"అవునండీ," అంది మా ఆవిడ. "వాన వచ్చేట్టుందని."

అతను ఆకాశం వైపు చూశాడు. ఎక్కడా మబ్బు తునక లేదు. లోపలికి వెళ్ళి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి ఫ్యాను కింద వేశాడు.